జీవిత బీమా ఏజెంటు వృత్తి – రైతుబిడ్డలు తెలిసికొనవలసిన సంగతులు

మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో పదవ తరగతియో, అంతకు మించియో చదివి, తండ్రికి సేద్యమున తోడ్పడుచు, తీరిక కాలమున మఱియొక సంపాదనకై వెదకుకొను యువకులు పెక్కుమంది కలరు. వారిలో కొందఱు జీవిత బీమా ఏజెన్సీ పుచ్చుకొనుచున్నారు. దీనికి పొలము అక్కఱలేదు, ఎద్దులు అక్కఱలేదు, పెట్టుబడియు స్వల్పమే. అయినను ఒకటి రెండేండ్లు తిరిగి, బంధువులందఱి చేతను తలకొక పాలసీ వేయించి, ఆపై పని సాగక విడిచిపెట్టినవారు పలు గ్రామములలో కనబడుదురు. వారు వేయించిన పాలసీలలో ఎన్నియో కంతులు చెల్లక మూలబడి యుండును. ఏజెంటునకు బ్రతుకుతెరువు దొరకలేదు. రైతునకు సొమ్ము పోయినది.

ఈ నష్టమెందుచేత కలుగుచున్నది, దానిని తప్పించుకొనుట యెట్లు అను సంగతి ఏజెన్సీ పుచ్చుకొనదలచిన యువకునకును, పాలసీ పుచ్చుకొనదలచిన రైతునకును సమానముగా తెలియవలసినది. కావున ఈ నెల పాఠమునకు దీనిని తీసికొంటిమి.

1. బీమాయు సహకారమే

సహకార సంఘమున సభ్యుడైనవానికి బీమా సూత్రము క్రొత్తది కాదు. ఒక్కరి కొరకు అందఱు, అందఱి కొరకు ఒక్కరు అను మాటయే దానికి మూలము. ఒక లెక్క చూతము. ఒకే యీడువారు వేయిమంది ఒక నిధిలో చేరిరనుకొందము. ఏడాదిలో వారిలో ముగ్గురు మరణించిరనియు, ఒక్కొక్కరి కుటుంబమునకు 2 లక్షల రూపాయలు ఈయవలెననియు అనుకొందము. కావలసినది 6 లక్షలు. వేయిమందియు తలకు 600 రూపాయలు వేసికొన్నచో సరిపోవును. ఇది సులభముగా తెలియుటకై చెప్పిన ఉదాహరణము మాత్రమే. సంస్థలు మరణముల పట్టికలను చూచి, ఖర్చులను గలిపి, వయస్సును బట్టి ప్రీమియమును నిర్ణయించును. సూత్రము మాత్రమిదియే.

ఈ లెక్క నుండి రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది: ఏడాది గడచినను బ్రతికియున్నవాని 600 రూపాయలు వ్యర్థము కాలేదు. అవి ఆ యేడంతయు ఆతని యింటికి కావలి కాచినవి. రెండవది: రోగమును దాచి కొందఱు ఈ నిధిలో చేరి, ముగ్గురికి బదులు అయిదుగురు మరణించినచో, కావలసినది 10 లక్షలు, తలకు 600 చాలవు, 1,000 కావలెను. ఆ యధికభారము నిజము చెప్పి చేరినవారందఱి మీదను పడును. ఏజెంటు ఈ రెండు సంగతులను ముందుగా తాను గ్రహించి, పిమ్మట రైతునకు చెప్పవలెను.

2. సంస్థయు, దాని హామీయు

1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1925లో మచిలీపట్టణమున ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. ఆ కాలమున దేశమున కంపెనీలు పెక్కులుండెను. కొన్ని నమ్మకముగా పనిచేసినవి. మఱికొన్నింటిలో పాలసీదారుల సొమ్మును యజమానులు తమ యితర వ్యాపారములకు మరలించుకొనిరి. 1955 డిసెంబరులో ఫిరోజు గాంధీగారు పార్లమెంటున ఇట్టి అక్రమములను బయలుపరచిరి. 1956 జనవరి 19వ తేదీని కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సు మూలమున జీవిత బీమా వ్యాపారమును తన వశము చేసికొనెను. ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీని, 245 కంపెనీలును ప్రావిడెంటు సంఘములును కలిసి, భారతీయ జీవిత బీమా సంస్థ యేర్పడెను. మనవారు ఎల్.ఐ.సి. యనుచున్నది దీనినే. 2000 నుండి ప్రైవేటు కంపెనీలు మరల రంగమున ప్రవేశించినవి. 2022 మే నెలలో ప్రభుత్వము ఈ సంస్థలో 3.5 శాతము వాటాలను ప్రజలకు విక్రయించినది. మిగిలినది తనయొద్దనే యుంచుకొన్నది. ఆ యేటికి సంస్థకు 13 లక్షలకు పైగా ఏజెంట్లుండిరి. మన జిల్లాకు కడపలో డివిజను కార్యాలయమును, ప్రొద్దుటూరులో శాఖయు కలవు.

1956 నాటి చట్టములోని 37వ సెక్షను ప్రకారము పాలసీ మొత్తమునకును, ప్రకటించిన బోనసులకును కేంద్ర ప్రభుత్వము హామీ యిచ్చుచున్నది. పల్లెలలో ఈ సంస్థకు గల నమ్మకమునకు ఇదియొక కారణము. ఏజెంటు గడప త్రొక్కినపుడు రైతు ఆతని వెనుక ఈ నమ్మకమునే చూచును. కావున ఒక మాట స్పష్టముగా తెలియవలెను. ఆ హామీ పాలసీ కాగితముపై వ్రాసిన దానికే చెల్లును. కంతులు తప్పి లాప్సయిన పాలసీకి గాని, పదేండ్లలో మూడింతలగునని ఏజెంటు నోట చెప్పిన మాటకు గాని అది చెల్లదు.

3. ఏజెంటగుట యెట్లు

పదునెనిమిది యేండ్లు నిండి, పదవ తరగతి యుత్తీర్ణులైనవారు దీనికి అర్హులు. శాఖా కార్యాలయమునకు గాని, డెవలప్‌మెంటు ఆఫీసరునకు గాని దరఖాస్తు పెట్టుకొని, శిక్షణ పొంది, నియమిత పరీక్షలో నెగ్గవలెను. ఏజెంటు సంస్థకు జీతగాడు కాడు. ఆతనికి దొరకునది కమీషను. ఏటేట కనీసపు సంఖ్యలో క్రొత్త పాలసీలను తేనిచో ఏజెన్సీ నిలువదు.

స్త్రీలకై 2024 డిసెంబరు 9వ తేదీని పానిపట్టులో బీమా సఖి యను పథకము ప్రారంభింపబడినది. ఇందు చేరినవారికి కమీషనుగాక, మొదటి యేడు నెలకు 7,000, రెండవ యేడు 6,000, మూడవ యేడు 5,000 రూపాయల భృతి నిర్ణయింపబడినది. గమనింపదగిన సంగతి యేమనగా, రెండవ యేటి భృతి దొరకవలెనన్నచో మొదటి యేడు వేయించిన పాలసీలలో 65 శాతమైనను చెల్లుబడిలో నుండవలెను. మూడవ యేటికిని ఇట్టిదే నియమము. పాలసీ వేయించుట మాత్రమే కాక, నిలుపుటయు ఏజెంటు పనియేనని ఈ నియమము చాటుచున్నది.

4. కమీషను లెక్క

దీర్ఘకాల పాలసీలకు ఎల్.ఐ.సి.లో పెక్కేండ్లు అమలుననుండిన మూలరేట్లు ఇవి: మొదటి యేటి ప్రీమియముపై 25 శాతము, రెండవ, మూడవ యేండ్లకు ఏడున్నర శాతము, ఆ తరువాత 5 శాతము. మొదటి యేటికి బోనసు కమీషను వేఱు. 2024 అక్టోబరు నుండి మొదటి యేటి భాగము తగ్గి, తరువాతి యేండ్ల భాగము పెరుగునట్లు మార్పులు జరిగినవి. మనము పాత మూలరేట్లనే తీసికొని, బోనసును విడిచి, లెక్క చూతము.

ఏటికి 10,000 రూపాయల ప్రీమియము గల ఇరువదేండ్ల పాలసీ యున్నదనుకొనుడు. మొదటి యేడు ఏజెంటునకు 2,500 రూపాయలు. రెండవ, మూడవ యేండ్లు 750 వంతున 1,500. మిగిలిన పదునేడేండ్లు 500 వంతున 8,500. మొత్తము 12,500 రూపాయలు. ఇందు మొదటి యేటిది అయిదవ వంతు మాత్రమే. తక్కిన నాలుగు వంతులు పాలసీ నిలిచిననే వచ్చును.

రైతు ఒక్క కంతు కట్టి మానివేసెననుకొనుడు. 2024 అక్టోబరు 1వ తేదీ నుండి అమలైన నియమమును బట్టి, ఒక పూర్ణసంవత్సరపు ప్రీమియము చెల్లిన పిమ్మట కొంత సరెండరు విలువ కలదు. కాని అది చెల్లించినదానికి మిక్కిలి తక్కువ. అంతకు ముందటి పాలసీలలో ఒక్క యేటి కంతునకు అదియు లేదు. అనగా రైతు కట్టిన 10,000 రూపాయలలో ఎక్కువ భాగమునకు ఎసరు వచ్చినది. ఏజెంటునకు రావలసిన 10,000 రూపాయలును పోయినవి. ఇరువురకును ఇంచుమించు సరిసమానముగా నష్టము. ఈ లెక్క తెలిసిన ఏజెంటు కట్టలేని పాలసీని ఎవ్వరికిని అంటగట్టడు.

పులివెందుల ప్రాంతపు రైతులకు ఒక పోలికతో చెప్పవచ్చును. చీనితోట వేసినవాడు నాలుగైదేండ్లు నీరు కట్టి, పాదులు త్రవ్వి, తెగుళ్లనుండి కాపాడిన పిమ్మట కాపు చూచును. ఏజెన్సీలో మొదటి యేడే పెద్ద కాపు వచ్చినట్లు తోచును; అందుచే కొందఱు దానిని వేరుసెనగ పైరనుకొని, పెరికి, మఱియొక చేనికి పోవుదురు. అది నిజమునకు తోట. ఇన్నూఱు పాలసీలను పదేండ్లు నిలిపినవానికి, క్రొత్త పాలసీ దొరకని నెలలో గూడ పాత పాలసీలపై కమీషను వచ్చుచునే యుండును. నియమితకాలము పనిచేసిన ఏజెంటు మరణించినచో ఆ కమీషను ఆతని వారసులకును చెల్లును.

5. కంతు తేదీ, పంట తేదీ

నెలజీతగానికిని రైతునకును భేదము కలదు. ఉద్యోగికి ఒకటవ తేదీని జీతము వచ్చును. రైతునకు పంటతో సొమ్ము వచ్చును. అదియు అప్పులవాడు, ఎఱువుల అంగడివాడు పట్టుకొనిపోగా మిగిలినది. ఏజెంటు ఈ సంగతిని మరచి, తన లెక్క పూర్తియగుటకై మార్చి నెలాఖరున పాలసీ వేయించినచో, ఏటేట ఆ కంతు మార్చి నెలాఖరుననే రైతు నెత్తిన పడును. పాలసీ యే నెలలో మొదలగునో, వార్షిక కంతు ఆ నెలలోనే వచ్చునని గుర్తుంచుకొనవలెను.

కావున రైతును మొదట అడుగవలసిన ప్రశ్న, నీ యింటికి సొమ్ము ఎప్పుడు వచ్చును అనునది. పులివెందుల మెట్టచేలలో ఖరీఫు వేరుసెనగ అక్టోబరు, నవంబరు నెలలలో చేతికి వచ్చును. జమ్మలమడుగు ప్రక్క నల్లరేగడిలో చలికాలపు సెనగ జనవరి, ఫిబ్రవరి నెలలలో నూర్పగును. ప్రొద్దుటూరు ప్రక్క కె.సి. కాలువ క్రింది వరి నవంబరు, డిసెంబరు నెలలలో కోతకు వచ్చును. పసుపు త్రవ్వి, ఉడికించి, అమ్ముసరికి మార్చి దాటవచ్చును. సరకు అమ్మిన పిమ్మటి నెలను చూచి పాలసీ మొదలుపెట్టించినచో, కంతునకు వడ్డీసొమ్ము తీయవలసిన పని యుండదు. పాడి వలనను, మగ్గము వలనను ప్రతినెలయు సొమ్ము చూచు యింటికి మాత్రము నెలకంతు తగియుండును.

వార్షిక, అర్ధవార్షిక, త్రైమాసిక కంతులకు గడువు దాటిన పిమ్మట 30 దినములును, నెలకంతునకు 15 దినములును అనుగ్రహకాలము కలదు. ఆ దినములలో మరణము సంభవించినను పాలసీ చెల్లును. అదియు దాటినచో పాలసీ లాప్సగును. అయిదేండ్లలోపల వడ్డీతో బాకీ చెల్లించి, ఆరోగ్యమును నిరూపించి, పాలసీని మరల నిలుపవచ్చును. కాని లాప్సయిన కాలమున ఇంటి పెద్ద మరణించినచో, చేతిలో కాగితముండియు కుటుంబమునకు రావలసినది రాదు. వాన లేని యేట కంతు భారమగుననుటలో సందేహము లేదు. అందుచే మంచి పంట యేటి రాబడిని చూచి కాక, చెడ్డ యేట కూడ కట్టగలిగినంతకే పాలసీ వేయవలెను.

6. ఎవరికి ఎంత, ఏ పాలసీ

ఎఱువు మోతాదు చెప్పుటకు ముందు నేలను పరీక్షించుట మన పద్ధతి. అట్లే పాలసీ మొత్తము చెప్పుటకు ముందు ఇంటి లెక్క చూడవలెను: అప్పు ఎంత, పిల్లలెందఱు, వారి చదువునకు ఎన్నేండ్లున్నవి, భార్య పేర భూమి యున్నదా? ముప్పదియేండ్ల రైతు మూడు లక్షల పంట అప్పుతో మరణించినచో, అప్పు ఆతనితో పోదు. భార్య దానిని తీర్పలేక చేను అమ్ముకొనవలసి వచ్చును. ఆ చేను నిలుపుటయే రైతునకు జీవిత బీమా వలని ముఖ్యప్రయోజనము.

ఇట్టివానికి తక్కువ ప్రీమియముతో ఎక్కువ రక్షణ నిచ్చునది టర్ము పాలసీ. అందు బ్రతికియున్నవానికి తిరిగి వచ్చునది సాధారణముగా నుండదు. ప్రీమియము చిన్నదగుటచే ఏజెంటు కమీషనును చిన్నదే. అయినను ధర్మము తెలిసిన ఏజెంటు దానిని మొదట చెప్పి, పొదుపుతో కూడిన పాలసీని పిమ్మట చెప్పును. 2015 మే 9వ తేదీని మొదలైన ప్రధానమంత్రి జీవనజ్యోతి పథకమున 18 నుండి 50 యేండ్ల లోపు వయస్సున చేరినవారికి, ఏటికి 436 రూపాయలతో 2 లక్షల జీవిత బీమా కలదు. సురక్షా పథకమున 18 నుండి 70 యేండ్లవారికి, ఏటికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా కలదు. రెండును బ్యాంకు ఖాతా మూలమున జరుగును. వీనిని చెప్పుట వలన ఏజెంటునకు రాబడి లేకపోవచ్చును; రైతు నమ్మకము మాత్రము తప్పక దొరకును. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియముపై జి.ఎస్.టి. తీసివేయబడినదని కూడ తెలుపవలెను.

జీవిత బీమాకును పంట బీమాకును సంబంధము లేదు. వాన లేక చేను ఎండినందులకు జీవిత బీమా పాలసీ యేమియు ఈయదు. ఈ భ్రమ రైతునకున్నచో ఏజెంటు మొదటి దినముననే తొలగింపవలెను.

7. నిజము వ్రాయుట, వారసుని పేరు

ప్రతిపాదన పత్రమున వయస్సు, వ్యాధులు, పూర్వపు ఆపరేషనులు, త్రాగుడు, పొగాకు అలవాట్లు, ఇతర పాలసీలు అడుగబడును. మధుమేహమున్నవానిని చూచి, “అది రాయద్దులే మామా, రాస్తే పాలసీ రాదు” అను ఏజెంటు ఆ కుటుంబమునకు గొయ్యి త్రవ్వుచున్నాడు. 1938 నాటి బీమా చట్టపు 45వ సెక్షను ప్రకారము, మూడేండ్లు దాటిన పాలసీని ఏ కారణముచేతను సంస్థ ప్రశ్నింపరాదు. ఆ లోపల మరణము సంభవించినచో సంస్థ విచారించును. ముఖ్యమైన సంగతి దాచినట్లు తేలినచో సొమ్మును నిరాకరింపవచ్చును. లాప్సయిన పాలసీని తిరిగి నిలిపినచో ఆ మూడేండ్ల లెక్క నిలిపిన దినమునుండి మరల మొదలగును. కంతు తప్పుట వలని నష్టములలో ఇదియు నొకటి.

నామినీ సంగతి మఱింత ముఖ్యమైనది. పెండ్లికి ముందు పాలసీ వేసినవాడు తల్లి పేరు వ్రాయించుట వాడుక. పెండ్లియై, పిల్లలు కలిగిన పిమ్మట దానిని మార్చుకొనువారు తక్కువ. 2015 నాటి సవరణ ప్రకారము తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీలైనచో ఆ సొమ్మునకు వారే హక్కుదారులగుదురు. పేరు మార్పని పాలసీలో తల్లికి సొమ్ము వచ్చి, భార్యాపిల్లలకు అప్పు మిగులవచ్చును. ఏజెంటు తాను వేయించిన ప్రతి యింటను పెండ్లి జరిగినపుడు, బిడ్డ పుట్టినపుడు ఈ మాట జ్ఞాపకము చేయవలెను. దీనికి కావలసినది ఒక చిన్న దరఖాస్తు మాత్రమే.

8. చేయరాని పనులు

ఒకటి: “మొదటి కంతు నేనే కడతా, నువ్వు సంతకం చేస్తే చాలు” అనుట. తన కమీషనులో భాగమును ఆశగా చూపి పాలసీ వేయించుటను 41వ సెక్షను నిషేధించుచున్నది. ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు రెండును తప్పే. ఊరక వచ్చిన పాలసీని రెండవ యేడు కట్టువారు అరుదు.

రెండు: కంతుసొమ్మును చేతబట్టుకొనుట. సంస్థ ప్రత్యేకముగా అధికార మిచ్చిన ఏజెంటు తప్ప ఇతరులు సంస్థ తరపున ప్రీమియము వసూలు చేయరాదు. రసీదు లేనిదే సొమ్ము చెల్లినట్లు కాదు. ఇప్పుడు శాఖలోను, బ్యాంకు ద్వారాను, ఫోను ద్వారాను చెల్లింపవచ్చును గనుక, ఏజెంటు గడువును జ్ఞాపకము చేయుట చాలును. బెంగుళూరులోను, గల్ఫు దేశములలోను పనిచేయువారును స్వయముగా కట్టవచ్చును.

మూడు: చెల్లుచున్న పాత పాలసీని ఆపించి క్రొత్తది వేయించుట. ఏజెంటునకు మొదటి యేటి కమీషను మరల వచ్చును. రైతునకు పాతదానిలో నష్టము, క్రొత్తదానిలో పెరిగిన వయస్సునకు పెరిగిన ప్రీమియము.

రైతును తన వంతు జాగ్రత్త పడవలెను. ఖాళీ కాగితముపై సంతకము చేయరాదు. పాలసీ చేతికి వచ్చిన పిమ్మట చదివించుకొని, చెప్పినదియు వ్రాసినదియు ఒకటి కానిచో, 30 దినములలోపల త్రిప్పి పంపవచ్చును. కొద్ది ఖర్చులు మినహాయించి సొమ్ము తిరిగి యిత్తురు.

9. మరణము సంభవించినపుడు

ఏజెంటు విలువ ఆ దినమున తేలును. ఆతడు పరామర్శకు పోవుటతో సరిపుచ్చరాదు. మరణ ధ్రువపత్రము, అసలు పాలసీ, నామినీ గుర్తింపు పత్రము, బ్యాంకు ఖాతా వివరము, క్లెయిము ఫారము—వీనిని సిద్ధము చేయించి, శాఖలో ఒప్పగించి, రసీదు తెచ్చి, ఆ యింటి వారికీయవలెను. వ్రాయుట రాని తల్లికి ఈ సహాయము సొమ్ముతో సమానము. సంస్థ నిరాకరించినచో మొదట సంస్థకే వ్రాసి, న్యాయము జరుగనిచో హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ గారికి ఫిర్యాదు చేయవచ్చును. దానికి రుసుము లేదు.

10. సంఘములు చేయదగిన పని

సహకార సంఘము తన సభ్యుల అప్పుల గడువులను పుస్తకమున వ్రాసికొనుచున్నది. కోరిన సభ్యుల పాలసీ సంఖ్య, కంతు నెల, నామినీ పేరు గూడ ఒక పుటలో వ్రాసికొన్నచో శ్రమ తక్కువ, మేలెక్కువ. మహాజనసభ దినమున గడువులు చదివి వినిపింపవచ్చును. సభ్యుడు మరణించినపుడు ఇంటివారికి తెలియని పాలసీ ఆ పుటలో బయటపడవచ్చును.

ఏజెన్సీ పుచ్చుకొనదలచిన యువకునకు తుదిమాట యిది. నీవు పోవునది పరాయివారి యిండ్లకు కాదు. మామ, బావ, అన్న, పిన్నమ్మ అని పిలుచు యిండ్లకు. వారు సంతకము చేయునది సంస్థను చదివి కాదు, నిన్ను చూచి. ఏటేట ఎన్ని పాలసీలు వేయించితివని శాఖవారు అడుగుదురు. ఎన్ని నిలిచినవని నీ పుస్తకమును నీవే అడుగుకొనుము.